పురుగు పెట్టాల్సిన సంతకం

2023వ సంవత్సరం, ఎండాకాలం అప్పుడే మొదలైండాది. చింతామణికి దగ్గరలో ఉండే ఒక యూనివర్సిటీ సంశోధనా కేంద్రంలో పాత ల్యాబులను విప్పి కొత్తగా చేసే పని నాకు వచ్చింది. ఆ కేంద్రం పేరు చెప్పను. ఇది వాళ్ళ తప్పు కథ కాదు, నా తప్పు కథ. కచేరీ కాగితాల్లో నన్ను గుత్తిగెదారు అని రాస్తారు, అంటే కాంట్రాక్టరు. ఊర్లో మాత్రం ల్యాబ్ రెడ్డెప్ప అంటారు. మాది బట్లహళ్ళి. ఇరవై రెండేండ్లుగా కాలేజీల ల్యాబులు విప్పేది, మళ్ళా కట్టేది, ఇదే నా పని. నా గురించి నేను చెప్పుకోకూడదు గాని, వేరేవాళ్ళు చెప్పరు కాబట్టి చెప్పుకుంటాను: గోడ మీద చేయి పెడితే లోపల వైరు యాడ కాలిందో చెప్పగలను.

ల్యాబ్ రిపేరంటే టైల్సు వేసి సున్నం కొట్టేది అనుకుంటారు శానామంది. కాదు. ల్యాబ్‌లో ముందు చూడాల్సింది గాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో విషపు ఆవిరి బయటికి పోవాల, కాబట్టి ఆడ గాలిని లోపలి నుంచి బయటికి లాగతాం. పట్టుపురుగుల ల్యాబ్‌ది దీనికి తలకిందులు. ఆడ బయటి దుమ్ము, బయటి రోగం లోపలికి రాకూడదు. కాబట్టి వడగట్టిన గాలిని లోపలికి తోస్తానే ఉండాల. తలుపు తెరిస్తే లోపలి గాలి బయటికి రావాల గాని, బయటిది లోపలికి పోకూడదు. దీన్ని పాజిటివ్ ప్రెజర్ అంటారు. ఈ గాలిని తోసే మిషన్ పేరు ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్, మేము ఏ.హెచ్.యు. అంటాం. మిద్దె మీద పెద్ద బీరువా అంత ఉంటాది. దీన్ని గుర్తు పెట్టుకోండి, కథంతా దీని చుట్టే తిరుగుతాది.

మాకొచ్చింది పట్టుపురుగుల ల్యాబే. మా పక్క రేష్మె పంట, అంటే పట్టు పంట, ఎరగని ఊరు తక్కువ. అయినా ఆ ల్యాబ్‌ను మొదటిసారి చూసి నాకు సిగ్గేసె. నలభై ఏండ్ల నాటి కట్టడం. చెక్క పట్టీల్లో వైరింగు, తుప్పు పట్టిన ఇనుప స్టాండ్లు, మీద ఆస్‌బెస్టాస్ రేకులు. గదిని చల్లగా పెట్టేదానికి రెండు పాత కూలర్లు. మా ఊర్లో రైతు షెడ్డు దీనికంటే నయం అనుకుంటిని.

"పోయిన ఎండాకాలంలో ఈ కూలర్లు మూడు రోజులు నిలిచిపోయినాయి, అన్నా," అని చెప్పింది శ్రీవాణి. ఆమె ఆ ల్యాబ్‌లో పిహెచ్.డి. చేస్తాండే అమ్మాయి. చాకవేలులో దేవుని పూజ చేసే అర్చకుల ఇంటి బిడ్డ. "ఇంట్లో నాయన తులసి ఆకు తుంచితే దండం పెట్టి తుంచుతాడు. నేనేమో పురుగుల మేతకు దినామూ గంపల గంపల రేష్మె ఆకు తరుగుతాండాను," అని తనమీద తనే జోకులేసుకునే రకం. కానీ ఆ మూడు రోజుల మాట చెప్పేటప్పుడు మాత్రం ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు.

ఆమె చేస్తాండే పని ఏందంటే, మంచి పట్టునిచ్చే సుకుమారపు జాతిని, మన ఎండకు తట్టుకునే నాటు జాతిని కలిపి కొత్త జాతి తయారు చేసేది. ఒక తరం గూళ్ళు కట్టినాక వాటిలో బాగా నిలిచిన వాటిని ఏరి, వాటి గుడ్లతో మళ్ళా ఇంకో తరం. అట్ల పదకొండు తరాలు ఏరింది. కూలర్లు నిలిచిన ఆ మూడు రోజుల్లో ముప్పాతిక పురుగులు పోయినాయి. మిగిలినవాటిని వరండా చివర ఒక చిన్న గదిలో అద్దె ఏ.సి. పెట్టుకోని కాపాడుకుంటా వస్తాండాది.

"నా డిగ్రీ ఒక ఏడాది లేటైతే కానీలే, అన్నా. ఈ పురుగు పోతే మాత్రం మళ్ళా పుట్టదు. దీనిమాదిరిది ఇంగెవరి దగ్గరా లేదు," అనింది.

చిక్కు యాడొచ్చిందంటే, ఆ చిన్న గది మీద కూడా ఆస్‌బెస్టాస్ రేకులే. అది కూడా విప్పాల. అందుకని ఇద్దరం కూర్చోని ఒక లెక్క వేసుకున్నాం. గుడ్లు పెట్టించి ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు ఆపొచ్చు. బయటికి తీసినాక పది రోజులకు పిల్లలు పగులుతాయి. అంటే నెల రోజులు గది అక్కరలేదు. ఆ నెలలో నేను చిన్న గది విప్పి, ల్యాబ్‌లోని పెద్ద గదులు రెండూ పూర్తి చేసి ఇయ్యాల. పగిలిన పిల్లకు గంటల్లో మేత పడాల. గుడ్డును ఇంగో నాలుగు దినాలు ఆగు అని చెప్పేదానికి లేదు. బయట రైతుల షెడ్డులో పెడదామంటే రోగాలు అంటుకుంటాయని ఆ విభాగానికి పెద్ద, హెచ్.ఓ.డి. సార్ ఒప్పుకోలే. అది నిజమే కూడా.

"నువ్వు గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టుకోమ్మా. పగిలే రోజుకు గది నీది. ఇది రెడ్డెప్ప మాట," అంటిని. మాటంటే మాటే, ఒకరోజు ముందే పూర్తి చేసే అలవాటు నాది.

ఆ ల్యాబ్‌లో ఇంగొకరుండారు. మునెమ్మక్క. ముప్పై ఏండ్లుగా అటెండర్. పొట్టి మనిషి, గట్టి గొంతు. నేను టేపు పట్టుకోని కొలతలు తీస్తాంటే వెనకాలే తిరిగేది. కొత్త స్టీలు స్టాండ్ల డ్రాయింగు చూపిస్తే, పై అర యాడికొస్తాదని అడిగె. గోడ మీద గీత గీసి చూపించినాను. ఆ గీతను తల పైకెత్తి చూసి, "ఇది గీసినోడు తాటిచెట్టంత మనిషేమో. తట్ట దించేది వాడు రాడు గదా, నేను గదా," అనింది. స్టాండ్లు అడుగున్నర తగ్గించినాను. వాకిట్లో కాళ్ళు కడుక్కునే కొళాయి డ్రాయింగులో లేదు. ఆయమ్మ అడిగిందని పెట్టించినాను. పని చేసే మనిషి మాట వింటాను నేను, అందులో నాకు గర్వమే. ఒక్క మాటే వినలేదు. దానికే ఈ కథ.

నేను పురుగులింట్లోనే పుట్టినోణ్ణి. మా అమ్మ పట్టుపురుగులు మేపి మమ్మల్ని చదివించింది. మా నాయన బీడీ తాగతాడని పురుగులుండే గదిలోకి ఆయన్ను అడుగు పెట్టనిచ్చేది కాదు. "నీ నోటి గాలి తగిలితే నా పంట పోతాది, ఆడే నిలబడు," అని వాకిలి నుంచే తరిమేది. అందుకే ఈ పనిలో నేను జాగ్రత్తంటే అంతా ఇంతా కాదు. లోపల బీడీ లేదు, అగరబత్తి లేదు, దోమల కాయిల్ లేదు. టెండరులో చెదల మందు కొట్టాలని రాసిండారు. పురుగుల ల్యాబ్‌లో ఆ మందేంది, మతి పోయిందా అని హెచ్.ఓ.డి. సార్‌తో వాదించి ఆ మాటే తీసేయించినాను. నేలకు ఎపాక్సీ వేసింది చింతామణి బాషా. ఎపాక్సీ అంటే అతుకులు లేకుండా అద్దం మాదిరి నేలంతా ఒకటే పూత. అది బాగా ఆరాలని పదహైదు దినాలు తలుపులు తెరిచి పెట్టించినాను. పురుగు సంగతి నాకు ఇంగొకరు చెప్పాల్నా అనే పొగరు నాలో నిండుగా ఉండె.

శ్రావణం వచ్చె. గుడ్లు ఫ్రిజ్ నుంచి బయటికి తీసి, మెయిన్ బిల్డింగులో ఇంక్యుబేటర్‌లో పెట్టిండాది శ్రీవాణి. గురువారం పొద్దున పగుల్తాయని లెక్క. నేను సోమవారానికే పని ముగించినాను. మూడు దినాలు ముందు!

కొత్త మిషన్‌కు పూజ చేయకుండా స్విచ్ వేసేది మా పక్క ఎవురూ ఒప్పుకోరు. బోరు మోటరైనా, ట్రాక్టరైనా, ఏ.హెచ్.యు. అయినా, ముందు పసుపు కుంకుమ, టెంకాయ, పూలహారం. ఆ సోమవారం మిద్దె మీద ఏ.హెచ్.యు.కు పూజ చేసినాం. హారం నేనే తెచ్చినాను, మా తోటలో పసుపు చామంతి. బట్లహళ్ళిలో మా తమ్ముడు చలపతి ఎకరా చామంతి పెట్టిండాడు. శ్రావణంలో చామంతికి ఉండే గిరాకీ మీకు తెలిసిందే. అయినా నేను ఫోన్ చేసి, "చలపతీ, పెద్ద పూలు, ఒత్తుగా, నా బారెడు పొడుగు హారం కావాల," అంటే, ఆదివారం పొద్దున్నే కోయించి కట్టించి పంపినాడు. మిషన్ గాలి పీల్చుకునే జల్లెడ ఉంటాది, దాన్ని లూవర్ అంటారు. ఆ లూవర్ మీద అడ్డంగా నా చేతులతో నేనే కట్టినాను. టెంకాయ కొట్టి స్విచ్ వేసినాను. మోటరు సద్దు వింటాంటే కడుపు నిండినట్లాయ.

కిందికొచ్చి పరీక్షలన్నీ చేసినాం. గాలి వేగం సరే. టెంపరేచర్ సరే. వెలుతురు కొలిచే లక్స్ మీటర్ సరే. ఎర్తింగ్ సరే. ప్రతిదానికీ మీటరు చూపించి, హ్యాండింగ్ ఓవర్ రిపోర్టులో టిక్కు పెట్టించినాను. హ్యాండింగ్ ఓవర్ అంటే పని పూర్తయిందని అప్పజెప్పే కాగితం. యూనివర్సిటీ ఇంజనీరు సంతకం పెట్టినాడు. హెచ్.ఓ.డి. సార్ పెట్టినాడు. శ్రీవాణి పెట్టింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాంటే మునెమ్మక్క వాకిట్లో నిలబడి చూస్తాండాది.

"అందురూ సంతకం పెట్టిండారు. పురుగు ఇంగా పెట్టలే గదప్పా," అనె.

నాకు నవ్వొచ్చె. "పురుగుకు పెన్ను పట్టుకునేది వస్తాదా, అక్కా?"

"పెన్ను నీకి. దానికి నోరుండాది. మేసిందా, సంతకం పెట్టినట్లే. మేయలేదా, నీ కాగితం నువ్వే పెట్టుకో."

ఆయమ్మ చెప్పింది ఏందంటే, కొత్త గదిలోకి మంచి జాతిని ఒకటేసారి తీసుకుపోకూడదు. ముందు బయట దొరికే మామూలు పురుగులను తెచ్చి, ఆ గదిలో తట్టల్లో పెట్టి, ఒక దినం చూడాల. తనకు ఇది ఎవురూ నేర్పలేదంట, వాళ్ళమ్మ కొత్త షెడ్డు కడితే ఇట్లే చేసేదంట. అన్ని మీటర్లూ సరే అని చెప్పినాక పురుగును అడిగేదేంది అని నేను మనసులో అనుకున్నది, బయటికి కూడా అన్నాను.

"అక్కా, నేనూ పురుగులింట్లో పుట్టినోణ్ణే. ఈ గదిలో పురుగే కాదు, నువ్వూ నేనూ మంచమేసుకోని పండుకోవచ్చు."

"నువ్వు పండుకో. నేను తట్టలు పెడతా," అనేసింది. శ్రీవాణి నవ్వి, "పెట్టనీలే అన్నా, పోయేదేముండాది," అనింది.

మంగళవారం పొద్దున మునెమ్మక్క తన ఊరి చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరానికి ముందుండే పురుగులు తెచ్చింది. చాకీ కేంద్రమంటే పురుగులను పిల్ల వయసు దాటించి రైతులకిచ్చే చోటు. జ్వరమంటే రోగం కాదు. పురుగు ఒక దినం మేత మానేసి, పాత చర్మం విడుస్తాది. దాన్నే మా పక్క జ్వరం అంటాం. గదికి రెండు తట్టలు పెట్టింది. ఒక తట్ట మాత్రం బయట వరండాలో పెట్టింది. అన్నిటికీ సంశోధనా కేంద్రం తోటలో మందు కొట్టని ఆకే.

బుధవారం పొద్దున నేను ఇంట్లో రాగిముద్ద ముందు కూర్చోనుంటే ఫోను మోగె.

"అన్నా, బిన్నా రా, తొందరగా. పురుగులు తలలెత్తి ఊగతాండాయి. పచ్చగా కక్కుతాండాయి," అనింది శ్రీవాణి.

ముద్ద ఆడే ఇడిచిపెట్టి లేచినాను. తల ఎత్తి ఊగేది, పచ్చగా కక్కేది అంటే ఏందో నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పక్క చేన్లో టొమేటాకు మందు కొడితే, గాలికి మా ఇంట్లోకి వచ్చి, అమ్మ పంటంతా ఇట్లే పాయ. ఆ దినం అమ్మ వాకిట్లో కూర్చోని ఏడ్చింది నాకు ఇప్పటికీ కండ్ల ముందరే ఉండాది. ఇది మందు తగిలిన గుర్తు. ల్యాబ్‌లో మందు యాడిది?

పోయి చూస్తే రెండు గదుల్లోని నాలుగు తట్టల్లోనూ సగానికి పైగా పురుగులు సచ్చిండాయి. గాలి దిగే రంధ్రాల కింద పెట్టిన తట్టలో ఒకటి కూడా బతకలేదు. వరండాలో తట్ట మాత్రం బాగుండాది. రేపు పొద్దున గుడ్లు పగుల్తాయి. వేరే గది లేదు. చిన్న గదిని నేనే విప్పి పారేసిండాను.

హెచ్.ఓ.డి. సార్ మంచోడే, కానీ భయమైతే కన్నడ కలిపి కేకలేస్తాడు. "రెడ్డెప్పనవరే, ఏనిది? మీ పెయింటే గదా ఇది? ఆ బాషాను పిలిపించండి. ఈ నేలంతా కీసి పారేయండి ఈ పొద్దే!"

బాషా వచ్చినాడు. వరండాలో తల వంచుకోని నిలబడుకున్నాడు. "సార్, ఇన్నేండ్లలో నా పనికి ఒక మాట రాలే," అన్నాడు ఒకటే మాట. అతని పేరు లిస్టులోంచి తీసేస్తామని సార్ అనేసె. ఆ లిస్టులోంచి పేరు పోతే యూనివర్సిటీ పని ఇంగ రాదు అతనికి.

"సార్, నేల గీకితే దుమ్ము లేస్తాది, రేపటికి అయ్యే పని కాదు. ముందు పెయింటో కాదో చూద్దాం," అంటిని. శ్రీవాణి కండ్లు తుడుచుకోని అప్పటికే లెక్క వేస్తాండాది. "ఆకు ఒకటే, పురుగు ఒకటే. వరండాలోవి బతికిండాయి. అంటే గదిలో నేలైనా కావాల, గాలైనా కావాల," అనింది.

సరిగ్గా చెప్పింది. మిషన్ ఆఫ్ చేసినాను. రెండో గది తలుపులు అరగంట బార్లా తెరిచి, మళ్ళా మూసి, వరండాలో బతికుండే పురుగుల్లో కొన్నిటిని లోపల నేల మీదే తట్టలో పెట్టించినాను. విషం పెయింట్‌లో ఉంటే మిషన్ ఆఫ్ చేసినా పురుగు సావాల. గాలిలో ఉంటే బతకాల.

మధ్యాన్నం ఒంటి గంటకు తట్ట మూత తీసినాం. ఆకు ముక్కలను ఈనెలు మిగిల్చి మేసి పెట్టిండాయి. ఒకటి కూడా తల ఎత్తలే. బాషా నా పక్క చూసినాడు. నేను మాత్రం మిద్దె పక్క చూసినాను. నేల కాదంటే గాలి, గాలంటే మిషన్, మిషనంటే నేను పెట్టింది.

ఒక్కణ్ణే మిద్దె ఎక్కినాను. హారం ఇంగా లూవర్ మీదే ఉండాది. దేవునికేసిన హారం వాడేదాకా తీయకూడదని ఎవరూ తీయలే. సగం రెక్కలు లేవు. లూవర్ విప్పి చూస్తే, ఆ రెక్కలన్నీ లోపలికి పీల్చుకోని ప్రీ ఫిల్టర్‌కు పసుపు దుప్పటి మాదిరి అంటుకోనుండాయి. ప్రీ ఫిల్టర్ అంటే గాలిని మొదట వడగట్టే జాలి. ఆ రెండు గదుల్లోకి పోయే గాలంతా ఆ పూల మీద నుంచే పోవాల. వంగి వాసన చూసినాను. పూల వాసన కింద ఇంగొక ఘాటు. ఎరగని వాసనైతే కాదు, మా తోటలో దినామూ వచ్చేదే.

చలపతికి ఫోన్ చేసినాను. "ఆ పూలకు ఎప్పుడు మందు కొట్టినావురా?"

"శనివారం సాయంత్రం, అన్నా. పురుగు పడిండె, రోంత గట్టిగానే కొట్టినాను. ఏం?"

"మరి ఆ పూలే ఎందుకు పంపినావు?"

"పెద్ద పూలు, ఒత్తుగా అన్నావు గదా! సంతకు పోయే సాళ్ళల్లోవే పెద్దవి. పురుగుల ల్యాబ్‌కని నోరు తెరిచి చెప్పింటే దేవుని సాళ్ళల్లోవి కోసిచ్చింటాను గదన్నా."

మా తోటలో నాలుగు సాళ్ళు ఉంటాయి. వాటికి మందు కొట్టం. ఇంట్లో పూజకు, ఆడోళ్ళ తలల్లోకి ఆ పూలే. చిన్నచిన్నగా, అక్కడక్కడ పురుగు కొరికి ఉంటాయి. మా తాత కాలం నుంచి వచ్చిన పద్ధతి. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. కానీ నాకు చిన్న పూలు పనికిరాలే. నా ల్యాబ్‌కు, నా మిషన్‌కు, నలుగురూ చూసి శెభాష్ అనే హారం కావాల్సొచ్చె.

ఇప్పుడు నిజం చెప్తాను. ఆ మిద్దె మీద ఒక నిమిషం నా బుద్ధి వంకర పోయింది. హారం పీకి గోడ అవతలికి విసిరేసి, ఫిల్టర్ మార్చి, ఊరకే కిందికి పోతే ఎవురికీ తెలీదు. మిషన్లో కొత్త నూనె వాసన అనొచ్చు. పెయింటే అయ్యుంటుందిలే అని నసగొచ్చు. ల్యాబ్ రెడ్డెప్ప పేరు నిలుస్తాది. కింద వరండాలో బాషా ఇంగా తల వంచుకోని నిలబడుండేది మిద్దె అంచు నుంచి కనపడతాండె. థూ, ఏం బతుకు అనిపించె.

హారాన్ని ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి కిందికి తెచ్చి, సార్ ముందర పెట్టినాను.

"సార్, బాషా తప్పు లేదు. పూలకు మందు కొట్టిండారు. పూలు మా తోటవి. కట్టింది నేను. తప్పు నాది."

సార్ వంగి మూట చూసినాడు. శ్రీవాణి ముందుకొచ్చె. "అన్నా, పదకొండు తరాలన్నా!" అని ఒకటే కేక. "మునెమ్మక్క తట్టలు పెట్టకపోయింటే రేపు పొద్దున నా చేతులతో నేనే తెచ్చి వాటిని ఈ గాలిలో పెట్టిందును గదా!" ఆ పిల్ల ఏడుస్తాంటే నేను చూడలేకపోయినాను. మా అమ్మ కూర్చోని ఏడ్చినట్లే ఉండె.

మునెమ్మక్క మూట మీది నుంచి నా పక్క చూసి, "పురుగులింట్లో పుట్టినోడివి, నీకి మేము చెప్పల్నా రెడ్డెప్పా?" అనింది. తిట్టి ఉంటే బాగుండు. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్లు తగిలె. ఆ వెంటనే, "సరే లే, ఏడ్చేది రేపు ఏడుద్దాం. ఇప్పుడు ఏం చేస్తావో చెప్పు," అని కొంగు బిగించింది.

చేసినాం. కాంట్రాక్టు పద్ధతి ప్రకారం ఒక సెట్టు ఫిల్టర్లు స్పేర్ ఇయ్యాల, అవి నా దగ్గరుండె. పాతవన్నీ తీసి మూట కట్టి దూరంగా పంపినాం. గాలి పోయే డక్టులు, అంటే రేకు గొట్టాలు, కిందికి దించి బట్టల సోడా కలిపిన నీళ్ళతో తుడిచినాం. తుడిచింది ఎవరనుకున్నారు? బాషా. "నీ పని కాదప్పా ఇది, ఇంటికి పో," అంటే, "మీరు చెప్పకపోయింటే నా పేరు పోయిండు, అన్నా. గుడ్డ ఇట్లియ్యి," అని నా చేతిలోంచి లాక్కున్నాడు. పొద్దు గుంకే లోపల మిషన్ మళ్ళా ఆన్ చేసి, తలుపులన్నీ తెరిచి, కొత్త గాలితో గదులను కడిగినట్లు చేసినాం. అప్పుడు మునెమ్మక్క మళ్ళా ఊరికి పోయి పురుగులు తెచ్చి తట్టలు పెట్టింది. ఈసారి నేను కిక్కురుమనలే.

గురువారం పొద్దున ఆరింటికి నేను ల్యాబ్ దగ్గరుంటిని. శ్రీవాణి ఇంక్యుబేటర్ నుంచి గుడ్ల కార్డులు తెచ్చి వరండాలో పెట్టుకోనుండాది, వాటికి నల్ల కాగితం చుట్టి. చీకట్లో ఉంటే గుడ్లు పగిలేది ఆగి, వెలుతురు చూపించినాక అన్నీ ఒకటేసారి పగుల్తాయి. ఆ కాగితం మీద చేయి పెట్టి, మునెమ్మక్క పక్కే చూస్తాండాది. లోపల పురుగులు సచ్చింటే ఆ కాగితం తీసి ఏం లాభం?

మునెమ్మక్క కాళ్ళు కడుక్కోని లోపలికి పోయింది. ఒక్కొక్క తట్ట మూత తీస్తాండాది. గాజు కిటికీలోంచి నాకు ఆయమ్మ వీపే కనపడతాండె. నాలుగో తట్ట, గాలి కింద పెట్టింది, దాని ముందర శానాసేపు వంగి నిలబడింది. నేను గాజుకు నుదురు ఆనించి చూసినాను. అప్పుడు తల తిప్పి, "ఆకు సాల్లేదంట, ఇంగ రోంత తీసుకురా పాపా!" అని కేకేసింది.

శ్రీవాణి నల్ల కాగితం తీసేసింది. ఎండ పొడకు గుడ్లు పగిలినాయి. చీమల మాదిరి నల్లగా, కంటికి ఆనీ ఆననట్లు. మునెమ్మక్క కోడి ఈకతో వాటిని ఆకు తరుగు మీదికి దులుపుతాంటే నేను వాకిలి బయటే నిలబడి చూసినాను. కండ్లల్లో నీళ్ళు తిరిగె. చెప్పుకునేదానికి సిగ్గేం లేదు. పన్నెండో తరం నేను చేసిన గదిలో మేత పట్టింది.

అవి ఒకటో జ్వరం లేచినాక సార్ నన్ను పిలిచి, రిపోర్టు మళ్ళా రాసుకోని రమ్మన్నాడు. పాతది చించేసి కొత్తది తీసుకుపోయినాను. ఇంజనీరు, సార్, శ్రీవాణి సంతకాలు అయినాయి. కింద నేను స్కేలు పెట్టి ఇంగొక గీత గీసినాను.

"ఇది యారికి?" అనినాడు సార్.

"మునెమ్మక్కకు సార్."

"అటెండర్ సంతకం ఇందులో అక్కరలేదు గదా, రెడ్డెప్పనవరే."

"అటెండర్‌గా కాదు సార్. పురుగు తరపున."

సార్ నా మొహం చూసినాడు. మునెమ్మక్కను లోపలికి పిలిచి, పెన్ను తీసి ఇచ్చినాడు. ఆయమ్మ చేయి పైటకు తుడుచుకోని, కన్నడలో, ఒక్కొక్క అక్షరమే రాసింది. రాసినాక కాగితం దూరంగా పట్టుకోని చూసి, "గీత మీదే ఉండాదా?" అని అడిగె.

ఇప్పుడు నేను ఏ ల్యాబ్ అప్పజెప్పినా ఆ రిపోర్టులో చివర ఒక గీత ఎక్కువుంటాది. చేపల ల్యాబైతే ముందు మామూలు చేపలు, మొక్కల ల్యాబైతే ముందు మామూలు నారు. వాటిని దినామూ చూసుకునే మనిషి సంతకం పెట్టేదాకా పని అయినట్లు కాదు. మీటరు నేను అడిగిందానికే జవాబు చెప్తాది. నాకు అడగాలని తోచని దాన్ని అది చెప్పదు. ఇరవై రెండేండ్ల పనిలో ఇది నేర్చుకున్నది ఆ బుధవారమే. మిషన్ పూజ మానలేదు, మాననూ మానను. తోటలో దేవుని సాళ్ళు నాలుగుండేటివి, ఇప్పుడు చలపతి ఆరు చేసినాడు.

పోయినేడు ఆ మిషన్ సర్వీసుకు నేనే పోయినాను. ఇంటి నుంచి తోట మీదుగా పోయిండాను. వాకిట్లో మునెమ్మక్క చేయి అడ్డం పెట్టె.

"యాడ నుంచి వస్తాండావు? తోటలో నుంచా?"

"అవునక్కా, రోంతసేపు..."

"చొక్కా మార్చుకో. కాళ్ళు కడుక్కో. అప్పుడు రా."

లోపల పదహారో తరమో, పదిహేడో తరమో మేస్తాండాదంట. కారు దగ్గరికి వెనక్కి పోయి చొక్కా మార్చుకోనొచ్చినాను. ఆయమ్మ చెప్తే నేను పెట్టించిన కొళాయే, దాని కింద కాళ్ళు కడుక్కుంటిని. ఆయమ్మ పైనుంచి కిందికి ఒకసారి చూసి, చేయి తీసె.